దుకాణాల గుమ్మం ముందు విరాళాల సేకరణ: అమెరికా, బ్రిటన్‌లలో అనుమతి విధానాలు

పెద్ద దుకాణం తలుపుకు నాలుగడుగుల దూరంలో నిలబడి, వచ్చిపోయే కొనుగోలుదారులను సేవాసంస్థల కోసం డబ్బు అడగడం అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ వందేళ్లు దాటిన ఆనవాయితీ. అలా నిలబడేవారు ఒక్క రకం కాదు. క్రిస్మస్ ముందు వారాల్లో చేతిగంట మోగిస్తూ ఎర్ర కెటిల్ పక్కన కనిపించేది సాల్వేషన్ ఆర్మీ. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మడత బల్ల వేసుకుని బిస్కెట్ డబ్బాలు అమ్మేది గర్ల్ స్కౌట్ బాలికలు. మాజీ సైనికుల సంఘాల వారు కాగితపు గసగసాల పూలు ఇచ్చి విరాళం తీసుకుంటారు. అమెరికాలో అగ్నిమాపక సిబ్బంది కండరాల క్షీణత రోగుల కోసం తమ రబ్బరు బూటునే డబ్బాగా చాచి అడగడం 1954 నుంచి సాగుతోంది. వీరికి తోడు బడి బ్యాండు మేళానికి యూనిఫారాలు కావాలని వచ్చే తల్లిదండ్రులు, కుక్కపిల్లల సంరక్షణశాల వారు, ఊరి చర్చి వారు ఉంటారు. వీరిలో ఎవరిని రానివ్వాలి, ఎన్ని రోజులు, తలుపుకు ఎంత దూరంలో అనే విషయాలపై దుకాణ సంస్థలు నియమాలు రాసుకుంటాయి. ఆ నియమాల వెనుక దాతృత్వం కన్నా భూమి హక్కు, కార్మిక చట్టం, ప్రమాద బాధ్యత ఎక్కువగా పనిచేస్తాయి.

తెలుగు నేల మీద వినాయక చవితికో ఊరి జాతరకో చందా అడిగేవారు నేరుగా దుకాణదారునే అడుగుతారు. ఆయన గల్లాపెట్టె తీసి ఇస్తాడు, రసీదు పుచ్చుకుంటాడు. ఇక్కడ చెబుతున్న పద్ధతి వేరు. సేకర్తలు దుకాణాన్ని అడిగేది డబ్బు కాదు, నిలబడే చోటు. డబ్బు అడిగేది దుకాణానికి వచ్చినవారిని. దుకాణం తన జేబులోంచి ఏమీ ఇవ్వకపోయినా, తన గిరాకీని ఇంకొకరి ముందు నిలబెడుతోంది. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి.

ఎర్ర కెటిల్

ఈ ఆనవాయితీకి గుర్తుగా నిలిచిన కెటిల్ 1891లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టింది. సాల్వేషన్ ఆర్మీ కెప్టెన్ జోసెఫ్ మెక్‌ఫీ ఆ ఊరి పేదలకు క్రిస్మస్ భోజనం పెట్టాలనుకున్నాడు. చేతిలో డబ్బు లేదు. ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవులో పడవ దిగేవారు నాణేలు వేసే పెద్ద కుండ ఒకటి ఉండేదని ఆయనకు గుర్తొచ్చింది. ఓక్లండ్ పడవలు ఆగే చోట ఒక వంటపాత్రను ముక్కాలి పీటలాంటి చట్రానికి వేలాడదీశాడు. ఆరేళ్లలో ఆ పద్ధతి తూర్పు తీరంలోని బోస్టన్‌కు చేరింది. మొదట్లో కెటిళ్లు నిలిచింది రేవుల్లో, రైలు స్టేషన్లలో, పట్టణం నడిబొడ్డున వీధి మూలల్లో. దుకాణాల వాకిట్లోకి వచ్చింది కొనుగోలుదారులతో పాటే.

సాల్వేషన్ ఆర్మీ తెలుగువారికి కొత్త సంస్థ కాదు. కోస్తా జిల్లాల క్రైస్తవులు దాన్ని రక్షణ సైన్యం అంటారు. నిడుబ్రోలులో ఎవాంజలీన్ బూత్ ఆసుపత్రి ఆ సంస్థదే. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఉంచిన స్టూవర్టుపురం సెటిల్మెంటు నిర్వహణను బ్రిటిష్ ప్రభుత్వం అప్పగించింది కూడా దీనికే. అమెరికాకు వెళ్లిన తెలుగువారు సరుకుల దుకాణం ముందు డిసెంబరు చలిలో వినే గంట ఆ సంస్థ మోగించేదే.

గుమ్మం ముందున్న నేల ఎవరిది

పాత పట్టణ వీధిలో దుకాణం తలుపు తెరిస్తే మునిసిపాలిటీ వారి కాలిబాట. అక్కడ నిలబడ్డవారిని పొమ్మనే అధికారం దుకాణదారుకు లేదు. మునిసిపాలిటీ కూడా ఇష్టం వచ్చినట్టు ఆపలేదు. ఇల్లినాయ్‌లోని షాంబర్గ్ అనే ఊరు, వసూలైన డబ్బులో కనీసం 75 శాతం నేరుగా సేవాకార్యాలకు ఖర్చు చేసే సంస్థలకే ఇంటింటా, వీధుల్లో అడిగే అనుమతి ఇస్తామని నియమం పెట్టింది. 1980లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. విరాళం అడగడంలో ఒక విషయం గురించి చెప్పడం, ఒప్పించడం కలిసే ఉంటాయి గనుక అది రాజ్యాంగం మొదటి సవరణ కాపాడే వాక్కులో భాగమేనని తేల్చింది.

అయితే మొదటి సవరణ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని మాత్రమే, సొంత ఆస్తి ఉన్నవారిని కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికన్లు కార్లెక్కి శివారు ప్రాంతాలకు తరలిపోయారు. దుకాణం కూడా వారి వెంట వెళ్లి, పార్కింగ్ స్థలం మధ్యలో కూర్చుంది. తలుపు ముందున్న కాలిబాట చూడటానికి వీధి కాలిబాటలాగే ఉన్నా, పత్రాల ప్రకారం ప్రైవేటు భూమి. జనం గుమిగూడే చోటు మారింది, దానితో పాటు యజమానీ మారాడు. ఆ కొత్త నేల మీద పాత హక్కులు నిలుస్తాయా అన్న ప్రశ్నకు కోర్టులు ముప్పై ఏళ్ల పాటు ఇటూ అటూ ఊగాయి.

1946లో అలబామాలోని చికసా అనే కంపెనీ ఊరి కేసు వచ్చింది. ఊరు మొత్తం ఒక నౌకానిర్మాణ సంస్థ సొత్తు. అయినా అది ఊరులాగే నడుస్తోంది గనుక అక్కడ మతపత్రికలు పంచేవారిని శిక్షించరాదని సుప్రీంకోర్టు చెప్పింది. 1968లో పెన్సిల్వేనియాలోని ఆల్టూనాలో ఒక సూపర్‌మార్కెట్ ముందు పికెటింగ్ చేసిన కార్మికులకు కూడా అదే వాదం వర్తింపజేసింది. నాలుగేళ్లు గడిచేసరికి గాలి తిరిగింది. 1972లో పోర్ట్‌లాండ్‌లోని ఒక మాల్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచినవారు ఓడిపోయారు. 1976లో ఇంకో తీర్పుతో ఆల్టూనా వాదం పూర్తిగా పక్కకు పోయింది. అమెరికా రాజ్యాంగం వరకు చూస్తే, మాల్ వాకిట్లో నిలబడే హక్కు ఎవరికీ లేదన్నది అప్పటి నుంచి స్థిరపడిన మాట.

కానీ అక్కడ ప్రతి రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం ఉంది. కాలిఫోర్నియాలోని క్యాంప్‌బెల్ పట్టణంలో ప్రూన్‌యార్డ్ అనే షాపింగ్ సెంటర్‌లో కొందరు హైస్కూలు విద్యార్థులు చిన్న బల్ల వేసుకుని ఐక్యరాజ్యసమితి తీర్మానానికి వ్యతిరేకంగా సంతకాలు సేకరిస్తుంటే కాపలా సిబ్బంది పంపేశారు. రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం వారికి ఆ హక్కుందని 1979లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అన్నది. రాష్ట్రాలు అలా ఎక్కువ హక్కులు ఇచ్చుకోవచ్చని 1980లో కేంద్ర సుప్రీంకోర్టు ఒప్పుకుంది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన న్యూజెర్సీలో కూడా 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు పెద్ద మాల్‌లలో కరపత్రాల పంపిణీకి దారి తెరిచింది. చాలా రాష్ట్రాలు మాత్రం ఈ దారిలో నడవలేదు.

ప్రూన్‌యార్డ్ తీర్పు పేరు చెప్పుకుని ఎవరైనా ఏ దుకాణం ముందైనా నిలబడవచ్చని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆ తీర్పు కుర్చీలు, చెట్ల నీడ, భోజనశాలలు, సినిమాహాళ్లు ఉండి, జనం ఊరికే కూర్చుని పొద్దుపుచ్చే చోట్లకే వర్తిస్తుందని కాలిఫోర్నియా కోర్టులు క్రమంగా గీత గీశాయి. 2002లో కాస్ట్‌కో కేసులో, పార్కింగ్ మధ్య విడిగా నిలిచిన గోదాములాంటి దుకాణం ఊరి చావడి వంటిది కాదని అప్పీలు కోర్టు చెప్పింది. 2012లో శాక్రమెంటో సరుకుల దుకాణం కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ మాటనే ఖాయం చేస్తూ, తలుపు ముందున్న కాలిబాట నడవడానికే తప్ప ఆగి మాట్లాడుకోవడానికి కట్టింది కాదన్నది. అదే తీర్పులో కార్మిక సంఘం మాత్రం అక్కడే పికెటింగ్ చేయవచ్చని తేల్చింది. అందుకు ఆధారం వాక్ స్వాతంత్ర్యం కాదు, రాష్ట్ర కార్మిక చట్టాలు. ఫలితంగా దుకాణం మీద అలిగిన కార్మికుడికి చట్టం అండ దొరికింది. పేదల కోసం డబ్బా పట్టుకున్నవాడు మేనేజర్ దయ మీద ఆధారపడ్డాడు.

గంట మోగితే సంఘం కూడా వస్తుందన్న భయం

దుకాణాలు సేవాసంస్థలను కాదనడానికి చెప్పే కారణాల్లో బయటి వారికి తొందరగా తట్టనిది కార్మిక సంఘాల వ్యవహారం. న్యాయవాదులు ముందుగా చెప్పేది మాత్రం దీని గురించే. 1956 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, ఉద్యోగులు కాని సంఘ కార్యకర్తలను యజమాని తన స్థలం నుంచి బయటికి పంపవచ్చు. షరతు ఏమిటంటే, మిగతా అందరినీ రానిచ్చి సంఘాన్ని మాత్రమే ఆపకూడదు. అలా ఆపితే అది వివక్ష.

ఈ సూత్రం ఎంత పదునైనదో లెచ్‌మేర్ కేసు చూపిస్తుంది. కనెటికట్‌లోని న్యూయింగ్టన్ పట్టణంలో లెచ్‌మేర్ అనే దుకాణంలో సుమారు 200 మంది పనిచేసేవారు. సంఘం వారు పార్కింగ్‌లో కార్ల మీద కరపత్రాలు పెడితే మేనేజర్ వాటిని తీయించి, వారిని పంపేశాడు. రోడ్డుకూ పార్కింగ్‌కూ మధ్య 46 అడుగుల వెడల్పున గడ్డి పట్టీ ఒకటి ఉంది, అందులో ఎక్కువ భాగం ప్రభుత్వానిది. కార్యకర్తలు నెలల తరబడి అక్కడ నిలబడి, కార్ల నంబర్లు రాసుకుని, వాటి సాయంతో ఉద్యోగుల చిరునామాలు వెతుక్కున్నారు. 1992లో సుప్రీంకోర్టు దుకాణం పక్షాన తీర్పిచ్చింది. దుకాణం ఎవరినీ ఏ పనికీ రానివ్వకుండా నియమం పెట్టుకుని ఉండటం అక్కడ యజమానికి కలిసొచ్చింది.

ఆ తీర్పు చదివిన దుకాణాల న్యాయవాదులు తేలిగ్గా ఒక నిర్ణయానికి వచ్చారు: ఎవరినీ రానివ్వకపోతే ఎవరూ వేలెత్తి చూపలేరు. అప్పుడప్పుడు ఒకటి రెండు సేవాసంస్థలను అనుమతించడం వివక్ష కిందికి రాదని జాతీయ కార్మిక సంబంధాల బోర్డు మినహాయింపు ఇచ్చింది. కానీ ఎన్నిసార్లు ఇస్తే అప్పుడప్పుడు, ఎన్నిసార్లు దాటితే అలవాటు? లెక్క ఎవరూ చెప్పలేదు. ఒహాయోలోని శాండస్కీ మాల్ కేసులో 1999లో బోర్డు సంఘం వైపు మొగ్గింది. రెండేళ్లకు అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని తిరస్కరించింది. 2019లో క్రోగర్ సరుకుల దుకాణం కేసులో బోర్డే తన పాత మాటను వెనక్కి తీసుకుంది. వర్జీనియాలోని ఆ దుకాణం గర్ల్ స్కౌట్లను, సాల్వేషన్ ఆర్మీని రానిచ్చినా, దుకాణాన్ని బహిష్కరించమని సంతకాలు అడిగే సంఘ ప్రతినిధిని పంపేయడం వివక్ష కాదన్నది. సేవాసంస్థకు చోటివ్వడం, దుకాణానికి నష్టం కోరే ప్రచారానికి చోటివ్వడం ఒకే రకం పనులు కావన్నది ఆ తీర్పు సారం. బోర్డు సభ్యులను నియమించేది అధ్యక్షుడు కాబట్టి ఇలాంటి నిర్ణయాలు ప్రభుత్వం మారినప్పుడు తిరగబడటం మామూలే. అందుకే ఆ తీర్పు తర్వాత కూడా జాగ్రత్తపరులైన సంస్థలు తలుపులు పూర్తిగా తెరవలేదు.

టార్గెట్ నిర్ణయం, 2004

ఈ చరిత్రలో అందరి దృష్టీ పడిన ఘట్టం 2004లో జరిగింది. మినియాపోలిస్ కేంద్రంగా దేశమంతటా దుకాణాలున్న టార్గెట్ సంస్థకు, తన ఆవరణలో ఎవరూ విరాళాలు అడగరాదన్న నియమం అప్పటికే ఉంది. సాల్వేషన్ ఆర్మీ ఒక్కదానికి మినహాయింపు ఇస్తూ వచ్చింది. తమకూ చోటివ్వమని అడిగే సంస్థలు పెరిగిపోతున్నాయని, ఒకరికి ఇచ్చి ఇంకొకరిని కాదనడం న్యాయం కాదని, ఆ ఏడాది నుంచి మినహాయింపు ఉండదని టార్గెట్ ప్రకటించింది. అంతకుముందు ఏడు టార్గెట్ వాకిళ్లలోని కెటిళ్లలో పడిన డబ్బు దాదాపు 90 లక్షల డాలర్లు. దేశం మొత్తం మీద కెటిళ్ల వసూలులో అది ఇంచుమించు పదో వంతు.

మతాభిమానులు బహిష్కరణ పిలుపులిచ్చారు. పోటీ సంస్థ వాల్‌మార్ట్ కెటిళ్లను కొనసాగించి, ఆ సీజన్‌లో తన దుకాణాల ముందు పడిన విరాళాలకు పది లక్షల డాలర్ల దాకా తానూ జత చేస్తానని చెప్పింది. టార్గెట్ తర్వాతి ఏళ్లలో సాల్వేషన్ ఆర్మీతో కలిసి, పేద కుటుంబాల అవసరాలు చూసి కొనిపెట్టే ఇంటర్నెట్ ఏర్పాటు చేసింది.

టార్గెట్ పిసినారి సంస్థ అని అప్పుడు చాలామంది నిందించారు. ఆ నింద న్యాయమైనది కాదు. లాభాల్లో 5 శాతం సమాజానికి ఇచ్చే పద్ధతిని ఆ సంస్థ 1946 నుంచి పాటిస్తోంది. అయితే సమానత్వం పేరుతో వచ్చిన నిర్ణయం అందరి మీదా సమానంగా పడలేదన్నది కూడా నిజమే. తపాలా ఉత్తరాలు, టీవీ ప్రకటనలు, పెద్ద దాతల జాబితాలు ఉన్న సంస్థలకు గుమ్మం పోతే ఒక మార్గం పోయినట్టు. ఊరి ఆహార నిల్వశాలకో, బడి బ్యాండుకో గుమ్మం తప్ప వేరే మార్గం లేదు.

అనుమతి ఎలా నడుస్తుంది

పూర్తి నిషేధం పెట్టని సంస్థల్లో నిర్ణయం సాధారణంగా ఆ దుకాణం మేనేజర్‌దే. దరఖాస్తుతో పాటు సంస్థ లాభాపేక్ష లేనిదని చూపే పన్ను పత్రం, కొన్నిచోట్ల ప్రమాద బీమా పత్రం అడుగుతారు. మేనేజర్ ఒప్పుకున్నా పని పూర్తి కాకపోవచ్చు. వరుస దుకాణాల సముదాయంలో తలుపు లోపలి భాగమే దుకాణం అద్దెకు తీసుకున్నది, బయటి నడవా భవన యజమానిది. అలాంటి చోట ఇద్దరి అనుమతీ కావాలి. ఇది తెలియక శనివారం ఉదయం బల్ల వేసి, పది నిమిషాల్లో ఎత్తేసుకున్న బడిపిల్లల బృందాలు ఉన్నాయి.

నియమాల్లో తరచూ కనిపించేవి కొన్నే. తలుపుకు అడ్డం రాకూడదు, కొనుగోలుదారు వెంట నడవకూడదు, కాదన్నవారిని మళ్లీ అడగకూడదు, దుకాణం అమ్మే సరుకులే అమ్మకూడదు. దుకాణం లోపలికి వెళ్లి అడగకూడదు. దారి వదలాలన్న షరతు ఊరికే పెట్టింది కాదు: చక్రాల కుర్చీకి కనీసం 36 అంగుళాల దారి ఉండాలని వికలాంగుల హక్కుల చట్టం కింది ప్రమాణాలు చెబుతాయి, అత్యవసర ద్వారాలకు అడ్డం ఉండరాదని అగ్నిమాపక నియమాలు చెబుతాయి. రోజుల లెక్క కూడా ఉంటుంది. పైన చెప్పిన కాస్ట్‌కో కేసులో వివాదమైన నియమాలు ఏడాదిలో అత్యంత రద్దీగా ఉండే 34 రోజుల్లో ఎవరినీ అనుమతించలేదు. మిగతా రోజుల్లో ఒక బృందానికి ప్రతి 30 రోజుల్లో 5 రోజులకు మించి ఇవ్వలేదు. సేకర్తల దృష్టిలో చూస్తే ఆ 34 రోజులే వసూలు బాగా జరిగే రోజులు.

మోసగాళ్ల బెడద కూడా నిజమే. కాగితం మీద సేవాసంస్థ పేరు, చేతిలో డబ్బా ఉంటే చాలు, చాలామంది ప్రశ్నించకుండా వేస్తారు. అమెరికాలో అధిక సంఖ్యాక రాష్ట్రాలు విరాళాలు అడిగే సంస్థలు ముందుగా నమోదు చేసుకోవాలంటాయి. మతసంస్థలకు చాలాచోట్ల మినహాయింపు ఉంది. అయితే ఒక శనివారం ఎండలో నిలబడ్డ మనిషి అసలువాడో కాదో తేల్చే పని చివరికి మేనేజర్ నెత్తినే పడుతుంది. కెటిల్‌కు తాళం ఉండటం, గర్ల్ స్కౌట్ల బల్లలను స్థానిక మండలే దుకాణాలతో మాట్లాడి కేటాయించడం వంటి ఏర్పాట్లు ఆ భారాన్ని తగ్గిస్తాయి. పెద్ద సంస్థలకు సులభంగా అనుమతి దొరకడానికి ఇది ఒక ముఖ్య కారణం.

బ్రిటన్

బ్రిటన్‌లో వీధి వసూళ్లకు చట్టం మొదటి ప్రపంచ యుద్ధ కాలం నాటిది. 1912లో అలెగ్జాండ్రా రాణి పేరిట గులాబీ పూలు అమ్మి ఆసుపత్రులకు డబ్బు సేకరించిన రోజు విజయవంతమైంది. యుద్ధం రాగానే అలాంటి రోజులు పుట్టగొడుగుల్లా పెరిగాయి. 1916లో చేసిన చట్టంతో వీధుల్లో, బహిరంగ స్థలాల్లో వసూళ్లకు నియమాలు పెట్టే అధికారం స్థానిక అధికారులకు వచ్చింది. వీధిలో నిలబడాలంటే లైసెన్సు, సూపర్‌మార్కెట్ వారి సొంత ఆవరణలో అయితే యజమాని అనుమతి అన్నది స్థూలంగా పద్ధతి. నవంబరు ముందు రాయల్ బ్రిటిష్ లీజియన్ గసగసాల పూల బల్లలు సూపర్‌మార్కెట్ల వాకిళ్లలో కనిపించడం అలాగే. స్కౌట్లు, క్రీడా బృందాలు బిల్లు కౌంటర్ దగ్గర సంచుల్లో సరుకులు సర్దిపెట్టి బకెట్‌లో చిల్లర అందుకోవడం అక్కడి ప్రత్యేకత. నెలనెలా బ్యాంకు ద్వారా విరాళం ఇస్తామని వీధిలో సంతకం పెట్టించుకునే జీతగాళ్ల మీద ఫిర్యాదులు పెరిగాక, వారి వృత్తి సంఘమే దుకాణం గుమ్మానికి, డబ్బు తీసే యంత్రానికి మూడు మీటర్ల లోపు ఆపరాదని నియమం పెట్టుకుంది. 2015లో విరాళాల ఉత్తరాల వెల్లువ మీద పెద్ద దుమారం రేగిన తర్వాత, 2016లో నిధుల సేకరణకు ప్రత్యేక నియంత్రణ సంస్థ ఏర్పడింది.

గుమ్మం నుంచి కౌంటర్‌కు

గుమ్మం దగ్గర తగ్గిన అడగడం బిల్లు కౌంటర్ దగ్గర పెరిగింది. పిల్లల ఆసుపత్రుల కోసం 1983లో మొదలైన చిల్డ్రన్స్ మిరకిల్ నెట్‌వర్క్ కాగితపు బెలూన్ మీద దాత పేరు రాసి గోడకు అంటించే పద్ధతిని దేశమంతటా పరిచయం చేసింది. వాల్‌మార్ట్ ఆ సంస్థతో 1987 నుంచి కలిసి పనిచేస్తోంది, ఇన్నేళ్లలో చేరిన మొత్తం వంద కోట్ల డాలర్లు దాటింది. తర్వాత బిల్లును దగ్గరి డాలర్‌కు పెంచి మిగిలిన సెంట్లు విరాళంగా తీసుకోవడం వచ్చింది. ఈ డబ్బును దుకాణం తన ఆదాయంగా చూపి పన్ను మినహాయింపు పొందుతుందన్న అనుమానం జనంలో బలంగా ఉంది. అమెరికా చట్టం ప్రకారం అది కొనుగోలుదారు ఇచ్చిన విరాళం, మినహాయింపు అడిగే హక్కు అతనిదే.

దుకాణానికి ఈ పద్ధతిలో అన్నీ అనుకూలాలే. తలుపు దగ్గర రద్దీ లేదు, అపరిచితులు లేరు, ప్రమాద బాధ్యత లేదు, సంఘం వచ్చి తనకూ చోటివ్వమని అడిగే వీలు లేదు. సంస్థను ఎంచుకునేది దుకాణ ప్రధాన కార్యాలయం. అక్కడికి ఊరి బడి బ్యాండు దరఖాస్తు చేరదు. అడిగే మనిషికి బదులు తెర మీద రెండు గుర్తులు వస్తాయి. వెనుక వరుసలో నలుగురు చూస్తుండగా కాదనే గుర్తు నొక్కడం ఇబ్బందిగా ఉంటుందన్న ఫిర్యాదు కొనుగోలుదారుల నుంచి వినిపిస్తోంది. గంట మోగించేవారిని తలవంచుకుని దాటిపోవచ్చు, బిల్లు చెల్లించకుండా కౌంటర్‌ను దాటలేరు.

నోట్లు, నాణేలు జేబుల్లోంచి తగ్గిపోవడం కెటిల్‌ను దెబ్బతీసింది. 2019లో సాల్వేషన్ ఆర్మీ దేశవ్యాప్తంగా కెటిళ్లకు ఫోన్‌తో చెల్లించే గుర్తులు అతికించింది. కాగితంలో చుట్టిన బంగారు నాణేలను పేరు చెప్పకుండా కెటిల్‌లో వేసి వెళ్లే ఆచారం ఇల్లినాయ్‌లోని క్రిస్టల్ లేక్ పట్టణంలో 1982లో మొదలై ఇతర రాష్ట్రాలకూ పాకింది, ఫోన్ చెల్లింపుల కాలంలోనూ అది ఆగలేదు. చెల్లింపు ఏ రూపంలో ఉన్నా గంట మోగించే మనిషి నిలబడటానికి చోటు కావాలి. ఆ చోటు కోసం సంస్థలు ఏటా క్రిస్మస్ సీజన్‌కు ముందే దుకాణాల మేనేజర్లనూ భవన యజమానులనూ సంప్రదిస్తున్నాయి.